ఆస్తి ఆయనది, అప్పు ఆమెది
విడాకుల్లో పంపకాల మీద దళిత స్త్రీ వైపు నుంచి ఒక విమర్శ

విడాకుల సంగతి వచ్చినప్పుడల్లా మన సభల్లోనూ పత్రికల్లోనూ రెండు ప్రశ్నలే చర్చకొస్తాయి. విడిపోవటం సులభంగా ఉండాలా, కష్టంగా ఉండాలా అన్నది ఒకటి. మనోవర్తి ఎంత ఇవ్వాలి అన్నది రెండోది. మూడో ప్రశ్న కూడా ఉంది. ఇద్దరూ కలిసి బతికిన ఆ పదేళ్ళలోనో ఇరవయ్యేళ్ళలోనో పోగుపడినదంతా చివరికి ఎవరి చేతుల్లో మిగులుతుంది? ఈ ప్రశ్నను ప్రధాన స్రవంతి స్త్రీవాదం కొంతవరకైనా అడిగింది, కానీ ఇల్లూ వాకిలీ బ్యాంకు ఖాతా ఉన్న కుటుంబాన్ని కళ్ళముందు పెట్టుకుని అడిగింది. దళిత ఉద్యమం అసలు అడగనే లేదు. వాడలో పంచుకోటానికి ఏముంది గనక అనుకున్నది. ఈ రెండు వైఖరులూ తప్పేనని చెప్పటానికే ఈ వ్యాసం.

ముందు ఒక పంచాయితీ సంగతి చెప్పాలి. గుంటూరు ప్రాంతంలో మేమెరిగిన ఒక పల్లెలో జరిగింది. పధ్నాలుగేళ్ళ కాపురం. ఇద్దరు పిల్లలు. ఉన్న ఆస్తి ఇంత: మొగుడి పేరు మీద ఎకరం డి.పట్టా, కాలనీలో స్లాబు ఇల్లు, ఒక పాడి గేదె, ఫైనాన్సులో తీసుకున్న ఆటో. అప్పు కూడా ఉంది. ఆ ఆటోకి మొదటి విడత కట్టటానికి ఆమె డ్వాక్రా గ్రూపులో తెచ్చిన అరవై వేలలో ఇంకా ముప్ఫై ఎనిమిది వేలు కట్టాలి. వేపచెట్టు కింద పెద్దమనుషులు కూర్చుని సగం రోజులో తేల్చేశారు. ఆమె పుట్టింటివాళ్ళు సారె పెట్టిన మంచం, బీరువా, గిన్నెలు ఆమెవి. ఆడపిల్ల ఆమెతో పోవాలి. మగపిల్లవాడు తండ్రి దగ్గర ఉండాలి. పొలం, ఇల్లు, గేదె, ఆటో ఆయనవి. మరి అప్పో? ‘సంతకం నీదే కదమ్మా, నువ్వే కట్టుకోవాల’ అన్నారు.

ఆమె ఏడవలేదు. ‘ఆ పొలంలో రాళ్ళేరింది నేను గదా మామా. ఏరిన రాళ్ళయినా నా పేరు మీద రాసియ్యండి’ అన్నది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, ఇద్దరమూ ఇష్టపూర్వకంగా విడిపోతున్నాం, ఇకముందు ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు అని రాయించి వేలిముద్ర వేయించుకున్నారు. ఆమెకు సంతకం చేయటం వచ్చు. గ్రూపు లోను కాగితాల మీద సంతకమే చేసింది. ఇక్కడ మాత్రం ఎవరూ పెన్ను ఇవ్వలేదు.

ఈ పంచాయితీలో అన్యాయం జరిగిందని ఒప్పుకోవటానికి మనలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. పెద్దమనుషులు మొరటువాళ్ళు, కోర్టుకు పోతే న్యాయం జరిగేది అంటాం. మా మొదటి అభ్యంతరం అక్కడే. కోర్టుకు పోయినా దాదాపు ఇదే జరిగేది.

చట్టం ఏం చెప్తోంది

1955 హిందూ వివాహ చట్టంలో ఆస్తి పంపకానికి సంబంధించింది ఒక్క సెక్షనే, ఇరవై ఏడోది. పెళ్ళి సమయంలోనో దాని చుట్టుపక్కలనో ఇచ్చిన, భార్యాభర్తలిద్దరికీ ఉమ్మడిగా చెందే వస్తువుల గురించి కోర్టు ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంతే. 1997లో సుప్రీంకోర్టు దీన్ని కొంచెం విశాలంగా చదివి, పెళ్ళినాడే ఇచ్చినది కానక్కరలేదు, పెళ్ళికి సంబంధించి ముందు వెనుకల ఇచ్చినా చాలు అన్నది. ఎంత విశాలంగా చదివినా అది పెళ్ళి కానుకలను దాటదు. పెళ్ళి తర్వాత ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించినది ఆ సెక్షనులోకి రాదు. అది ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళది. పెద్దమనుషులు మంచం, బీరువా, గిన్నెలు ఆమెకిచ్చి పొలం ఆయనకిచ్చారు. చట్టమూ ఆ గీతే గీసింది. వేపచెట్టుకీ పార్లమెంటుకీ ఈ విషయంలో ఏకాభిప్రాయం ఉంది.

ఆమె సొంత సొమ్ము విషయంలో చట్టం మెరుగే. స్త్రీధనం భార్యదే, భర్త దాన్ని దాచిపెట్టినవాడు మాత్రమే, తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుంది అని 1985లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 1961 వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షను ప్రకారం, ఎవరు తీసుకున్నా సరే కట్నం సొమ్మును పెళ్ళికూతురికి అప్పగించాల్సిందే. కానీ కోర్టు రుజువు అడుగుతుంది. బిల్లు ఏది, జాబితా ఏది అంటుంది. మన పెళ్ళిళ్ళలో కాసు బంగారం కొన్నా బిల్లు దాచుకునేవాళ్ళెంతమంది? ఆ బంగారం మూడో యేటికల్లా తాకట్టు కొట్టులో ఉంటుంది, రశీదు మొగుడి పేరు మీద ఉంటుంది.

ఇక మిగిలింది మనోవర్తి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద నెలకు అయిదు వందల రూపాయలకు మించి ఇవ్వటానికి వీల్లేకుండా ఉండేది. 2001లో గానీ ఆ పరిమితి తీసెయ్యలేదు. 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలో అది 144వ సెక్షను అయింది. నంబరు మారింది గానీ స్వభావం మారలేదు. మనోవర్తి అనేది హక్కుగా వచ్చే వాటా కాదు. అతనికి ఆదాయముందని, తనకు లేదని ఆమె చూపించాలి. కూలివాడి ఆదాయం ఏ కాగితంలో ఉంటుంది? 2020లో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తిపాస్తుల ప్రమాణపత్రాలు దాఖలు చేయాలని ఆదేశించింది, మంచిదే. అయితే రోజుకూలీ, తాపీపని, హమాలీ పని చేసేవాళ్ళ పత్రంలో రాసేదేముంటుంది? వాటా అడిగే హక్కు లేనప్పుడు ఆమె ఎప్పటికీ చేయి చాచాల్సిందే. కూలి అడిగే మనిషికీ బిచ్చమడిగే మనిషికీ తేడా ఎక్కడుందో దళితులకు ఒకరు చెప్పక్కరలేదు.

ఆ కాగితంలో రాసిన ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట సంగతి కూడా చూడాలి. హిందూ వివాహ చట్టం 29వ సెక్షను కులాచార విడాకులను గుర్తించింది. కానీ ఆ ఆచారం తమ కులంలో ఉన్నదని రుజువు చేసుకోవలసిన భారం దాని మీద ఆధారపడేవాళ్ళదేనని కోర్టులు పదే పదే చెప్పాయి. రుజువైతే ఆమె విడాకులు పొందిన భార్య, మళ్ళీ పెళ్ళి చేసుకోనంతకాలం మనోవర్తి అడగొచ్చు. రుజువు కాకపోతే? చట్టం దృష్టిలో పెళ్ళి ఇంకా నడుస్తున్నట్టే. అప్పుడు ఆ కాగితం, భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నారనటానికి సాక్ష్యంగా మారుతుంది. అట్లా విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి లేదని అదే సెక్షను చెప్తోంది. పెద్దమనుషులు ఒక్క మాట రాస్తే కోర్టులో ఎదుటి వకీలుకి అది ఆయుధమైంది. ఆమె వేసింది ఒక్క వేలిముద్రే, పోగొట్టుకున్నది రెండు చోట్ల.

క్రైస్తవ దళితుల సంగతి ఇంకో చిక్కు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా కోస్తాలో వేలాది కుటుంబాలు ఆదివారం చర్చికి పోతాయి, సర్టిఫికెట్లో హిందువులుగా ఉంటాయి. పాస్టరు గారు చేసిన పెళ్ళిని ఏ చట్టం కింద తెంచాలి? 1869 నాటి విడాకుల చట్టం కిందనా, హిందూ చట్టం కిందనా? మొదటిదే అయితే 2001 సవరణ దాకా భార్యకు విడాకులు దొరకటమే గగనం. భార్య వ్యభిచారం చేసిందని తేలితే ఆమె ఆస్తిలోంచి భర్తకూ పిల్లలకూ రాసిచ్చే అధికారం కూడా కోర్టుకు ఆ చట్టంలో 2001 దాకా ఉండింది. భర్త ఆస్తి పంచాలన్న ఆలోచన రాని చట్టానికి భార్య ఆస్తి పంచాలన్న ఆలోచన మాత్రం వచ్చింది! ఏ చట్టమని అడగటానికి భయపడి చాలామంది కోర్టుకే పోరు. కులం సర్టిఫికెట్ పోతుందేమో, పిల్లల సీటు పోతుందేమోనని. మతం మీద రాజ్యం పెట్టిన ఆంక్ష ఇట్లా దళిత స్త్రీ కాపురంలోకి కూడా వచ్చి కూర్చున్నది.

అంబేద్కర్ వదిలిన చోటు

హిందూ కోడ్ బిల్లు గురించి మనం ఏటా ఏప్రిల్లో మాట్లాడుకుంటాం. 1951 సెప్టెంబరులో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేయటానికి ముఖ్య కారణాల్లో ఆ బిల్లును నీరుగార్చటం ఒకటని అందరికీ తెలుసు. ఆయన బిల్లులో విడాకులూ స్త్రీ ఆస్తి హక్కూ జంటగా ఉన్నాయన్న సంగతి మాత్రం మర్చిపోతున్నాం. కూతురికి కొడుకుతో సమానంగా వాటా, స్త్రీకి వచ్చిన ఆస్తి మీద పూర్తి హక్కు, కట్నంగా ఇచ్చినదాన్ని ఆమె పేరిట ట్రస్టు సొమ్ముగా భావించటం, ఇవన్నీ విడాకుల హక్కుతోపాటు ఒకే కోడ్‌లో ఉన్నాయి. శూద్రులనబడే కులాల్లో విడాకులు ఆచారంగా ఉండనే ఉన్నాయని, హిందువుల్లో వాళ్ళే అత్యధికులని, కొద్దిమంది పై కులాల ఆచారాన్ని అందరి మీదా రుద్దకూడదని ఆయన సభలో వాదించారు. కోడ్‌ను ముక్కలు చేసి 1955లో విడాకులు ఒక చట్టంగా, 1956లో వారసత్వం ఇంకో చట్టంగా తెచ్చారు. భర్త చనిపోతే భార్యకు వాటా వచ్చింది. భర్త విడిచిపెడితే ఏం రావాలన్న ప్రశ్న ఆ రెండు చట్టాల నడుమ సందులో పడిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఎవరూ చూడలేదని కాదు. 1974లో స్త్రీల స్థితిగతుల కమిటీ తన నివేదికలో, భార్య చేసే ఇంటిచాకిరీని ఆస్తి సంపాదనలో భాగంగా గుర్తించాలని, విడిపోయినప్పుడు కాపురంలో సమకూరిన ఆస్తిలో కనీసం మూడో వంతు ఆమెకు దక్కాలని సిఫారసు చేసింది. 2010లో పార్లమెంటు ముందుకొచ్చిన వివాహ చట్టాల సవరణ బిల్లు, కాపురం కోలుకోలేనంతగా చెడిపోయిన కేసుల్లో భర్త స్థిరాస్తిలో భార్యాపిల్లలకు వాటా ఇవ్వాలన్న మాట చేర్చుకుని 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది. 2014లో లోక్‌సభ రద్దయింది, దాంతోపాటు బిల్లూ పోయింది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, గల్ఫులో సంపాదించిన భర్త కొన్న ఆస్తిలో ఇల్లు చక్కబెట్టిన భార్య శ్రమ కూడా ఉన్నది గనక ఆమెకూ సమాన వాటా ఉందన్నది. తీర్పు గొప్పదే. అయితే ఒక తీర్పు చట్టం కాదు. ఇక గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ వారసత్వంగా, వేరే ఒప్పందం రాసుకోకపోతే పెళ్ళితోనే ఆస్తి ఇద్దరికీ ఉమ్మడి అవుతుంది. ఈ దేశంలో అది అసాధ్యమని ఎవరైనా అంటే గోవా ఎక్కడుందో అడగాలి.

మన వాళ్ళు ఈ బిల్లుల చర్చలోకి దిగలేదు. అది ‘ఫ్లాట్లు ఉన్న ఆడవాళ్ళ గొడవ’ అనుకున్నారు. బిల్లు కూడా ఆ అభిప్రాయానికి తగ్గట్టే ఉంది. హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం కింద కోర్టుకెక్కినవాళ్ళకే అది పనికొస్తుంది. వేపచెట్టు కింద తెగిన కాపురాలు దాని కంటికి ఆనవు. భర్త పేరున పూర్తి హక్కుతో ఉన్న స్థిరాస్తినే అది ఆస్తి అనుకున్నది. దళితుడి పొలం ఎక్కువగా అట్లాంటి ఆస్తి కాదు.

పట్టా కంచె

డి.పట్టా భూమిని అమ్మకూడదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అమ్మకం, దానం, మార్పిడి, కౌలు, తాకట్టు అన్నిటినీ నిషేధించింది. పెద్ద రైతులు కల్లుకీ అప్పుకీ మన భూములు రాయించుకోకుండా వేసిన కంచె అది. ఆ కంచె కావాలని కొట్లాడినవాళ్ళం మనమే. అయితే ఆ కంచె లోపల భార్య ఎక్కడున్నదని ఎవరూ చూడలేదు. చట్టాన్ని అక్షరాలా చదివితే, భర్త మంచివాడై సగం పొలం ఆమెకు రాసిస్తానన్నా అది కూడా బదిలీయే అవుతుంది. వారసత్వానికి మాత్రం అడ్డు లేదు. అంటే మొగుడు చస్తే పొలం వస్తుంది, విడిచిపెడితే రాదు. భూస్వామిని ఆపటానికి వేసిన కంచె భూమిని దున్నిన మనిషినే ఆపింది.

ఈ కంచెను ఎత్తేస్తే సరిపోతుందా? 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇరవయ్యేళ్ళు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులిస్తూ చట్టం సవరించినప్పుడు జరిగిన చర్చ అంతా, ఆ భూములు మళ్ళీ పెద్దకులాల చేతుల్లోకి పోతాయా లేదా అన్నదాని చుట్టూనే తిరిగింది. న్యాయమైన భయమే. కానీ పూర్తి హక్కు వచ్చేది పట్టాలో పేరున్నవాడికి. ఇరవయ్యేళ్ళు కలుపు తీసిన మనిషిని అడక్కుండా అతను అమ్ముకోవచ్చు. ఈ మాట ఎవరూ అన్నట్టు మేము వినలేదు.

జాయింటు పట్టా అన్న మాట కొత్తది కాదు. ఆరో పంచవర్ష ప్రణాళిక (1980-85) కాలంలోనే, ప్రభుత్వం పంచే భూములకూ ఇంటిస్థలాలకూ భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలన్నారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం భూమి లేని దళిత స్త్రీల పేరు మీద మూడెకరాలన్నది. చాలా కొద్దిమందికే అందింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో లక్షల ఇంటిస్థలాల పట్టాలు స్త్రీల పేరున ఇచ్చారు. ఇది ముందడుగు, కాదనం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీల పేరున ఉన్నవి నూటికి 14 మాత్రమే. ఆ లెక్కన చూస్తే ప్రతి పట్టా లెక్కలోకొస్తుంది.

కానీ పేరు ఒక్కటే చాలదు. ఇల్లు ఆమె పేరు మీద, పల్లె ఆయనది. చుట్టూ ఆయన అన్నదమ్ములు, పెదనాన్న పిల్లలు. విడిపోయిన రోజున ఆ ఇంట్లోంచి పోవలసింది ఆయనేనని పట్టా చెప్తుంది. పోయేది మాత్రం ఆమె. ‘మొగుడు లేకుండా మొగుడి పల్లెలో ఏముంటావమ్మా’ అని సొంత తల్లే అంటుంది. ఆమె పుట్టిన ఊళ్ళో పట్టా లేదు, మెట్టిన ఊళ్ళో చోటు లేదు. 2005 గృహహింస చట్టం కింద ఇంట్లో ఉండే హక్కు కోసం ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఉత్తర్వు తెచ్చుకున్న ఆడమనిషి రాత్రిపూట ఆ సందులో ఎట్లా పడుకుంటుందన్నది ఉత్తర్వులో ఉండదు. అందుకే పట్టా అడిగేటప్పుడు, విడిపోయిన పక్షంలో ఆమె కోరుకున్న చోట దానికి బదులు స్థలం ఇచ్చే పద్ధతి కూడా అడగాలి.

‘మన ఆడవాళ్ళకి స్వేచ్ఛ ఎక్కువ’

మన రచనల్లో బాగా పాతుకుపోయిన వాదన ఒకటుంది. అగ్రకుల స్త్రీకి పెళ్ళి జైలు, మన స్త్రీకి కాదు, ఇష్టం లేకపోతే తెంపుకుని మారుమనువు పోగలదు, గనక మన కుటుంబం ప్రజాస్వామికం అని. 1996లో వచ్చిన కంచ ఐలయ్య పుస్తకం ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’ ఈ వాదనను అందరికీ చేర్చింది. బ్రాహ్మణీయ కుటుంబాన్ని ఆదర్శంగా చూపించే సాహిత్యానికి అది గట్టి జవాబు, దాని విలువను మేము తగ్గించం. మా అమ్మమ్మల తరంలో రెండో మనువు పోయిన ఆడవాళ్ళు మర్యాదగానే బతికారు. అది నిజం.

కానీ తలుపు తెరిచి ఉండటం వేరు, చేతిలో ఏమి పట్టుకుని ఆ తలుపు దాటుతామన్నది వేరు. ఓలి ఉన్న రోజుల్లో ఆడది తెంపుకుంటే ఆమె వైపువాళ్ళు ఓలి, పెళ్ళి ఖర్చు తిరిగి కట్టేదాకా పంచాయితీ వదిలేది కాదు. సొమ్ము ఆడపిల్ల ఇంటికి పోయిన కాలంలో పైసాతో సహా లెక్క తేల్చారు. ఇప్పుడు ఓలి పోయి కట్నం వచ్చింది, సొమ్ము మగవాడి ఇంటికి పోతోంది. ఇప్పుడు పెద్దమనుషులు ఏమంటున్నారు? ‘పోయినదాన్ని ఇప్పుడు తవ్వుకోవద్దు’ అంటున్నారు. ఆచారం అనేది కదలని రాయేమీ కాదు, అది ఎవరివైపు వాలాలో చూసుకునే వాలుతోంది. చేతులూపుకుంటూ పోయే స్వేచ్ఛను ప్రజాస్వామ్యం అంటే, ఊరి నుంచి వలసపోయే కూలీకున్న స్వేచ్ఛను కూడా ప్రజాస్వామ్యం అనాలి.

దళిత స్త్రీలు వేరుగా మాట్లాడుతున్నారని గోపాల్ గురు రాసింది 1995లో. ఆ వేరు మాట అగ్రకుల స్త్రీవాదాన్ని ప్రశ్నించినప్పుడు మనం చప్పట్లు కొట్టాం. అదే మాట మన ఇంటి పట్టా వైపు తిరిగినప్పుడు చెవిన పెట్టలేదు.

ఉద్యోగం ఎవరి ఆస్తి

ఇక్కడ మేము మా మీదికే వేలు చూపించుకోవాలి. మా కుటుంబాల్లో యూనివర్సిటీ గేటు దాటిన మొదటి తరం మేము. మా తరంలోనూ, మా ముందు తరంలోనూ, చదువుకుంటూ ఉండగానే పెళ్ళయిన మగవాళ్ళు చాలామంది. హాస్టలు మెస్సు బిల్లుకు భార్య మిరపకాయ కోతల డబ్బులు పంపింది. పోటీ పరీక్షకు కోచింగు అంటే పొగాకు గ్రేడింగు కూలి పంపింది. ఉద్యోగం వచ్చింది. వచ్చాక ఆమె మాట పల్లెమాటగా, ఆమె చెయ్యి మోటుగా కనిపించింది. భార్య ఉండగా రెండో పెళ్ళి సర్వీసు రూల్సుకు విరుద్ధం గనక పల్లెకు వచ్చి ఒక కాగితం రాయించుకున్నారు, ‘ఇష్టపూర్వకంగా’. ఇట్లాంటి కాగితాలు మేము ఒకటికంటే ఎక్కువే చూశాం. రాయించుకున్నవాళ్ళలో అంబేద్కర్ జయంతికి ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

రిజర్వేషన్ జాతి మొత్తం త్యాగంతో వచ్చింది, ఉద్యోగి జాతికి రుణపడి ఉన్నాడు అని మనం సభల్లో చెప్తాం. పే బ్యాక్ అంటాం. జాతికంటే ముందు ఎవరికి రుణపడ్డాడు? ఎకరం డి.పట్టాకు విలువెంతో గానీ, మన ఇళ్ళలో ఇవాళ అసలు ఆస్తి జీతం, ప్రావిడెంట్ ఫండు, పెన్షను. విడాకులు పుచ్చుకున్న భార్యకు ఫ్యామిలీ పెన్షనులో చోటు లేదు. ఆ ఉద్యోగాన్ని తయారు చేసిన కూలి డబ్బులు ఏ సెక్షనులోనూ లెక్కకు రావు. దళిత కుటుంబంలో పంచుకోటానికి ఏమీ లేదన్నవాళ్ళు ముందు తమ జీతం స్లిప్పు చూసుకోవాలి.

అప్పులో వాటా

మరి సగం సగం అన్న సూత్రం పెట్టేస్తే సరిపోతుందా? సరిపోదు, ఇది ప్రధాన స్రవంతి చర్చలో కనపడని విషయం. ఉన్నవాళ్ళ ఇంట్లో పంచేది ఆస్తి. లేనివాళ్ళ ఇంట్లో పంచేది ముఖ్యంగా అప్పు. ఉమ్మడి ఆస్తి సూత్రాన్ని గుడ్డిగా తెస్తే ఆస్తితోపాటు అప్పు కూడా ఉమ్మడి అవుతుంది. ఆయన తాగిన బాకీలో, చెల్లెలి పెళ్ళికి తెచ్చిన బాకీలో ఆమెకు సగం వస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో ఇంకో రకం అన్యాయం. బ్యాంకులు, మైక్రోఫైనాన్సు కంపెనీలు అప్పు ఆడవాళ్ళకే ఇస్తాయి, ఎందుకంటే ఆడవాళ్ళు కడతారు. ఆ డబ్బుతో కొన్న ఆటోకు రిజిస్ట్రేషను మగవాడి పేరు మీద. 2010లో ఈ కంపెనీల వేధింపులు శ్రుతిమించి ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సొచ్చింది. అప్పుడు కూడా వడ్డీ గురించే మాట్లాడాం. అప్పు ఎవరిది, వస్తువు ఎవరిదన్నది అడగలేదు.

మేము అనేది సూటిగా ఇది: అప్పు వస్తువు వెంట పోవాలి. ఆటో ఎవరికి దక్కితే ఆటో కోసం తెచ్చిన గ్రూపు లోను వాళ్ళే కట్టాలి. తిండికీ పిల్లల చదువుకూ వైద్యానికీ తెచ్చినది ఇద్దరిదీ. తాగుడికీ జూదానికీ తెచ్చినది తెచ్చినవాళ్ళది. దీనికి పెద్ద న్యాయశాస్త్రం అక్కరలేదు. ప్రతి గ్రూపులో లోను ఎందుకు తీసుకున్నారో పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం సాక్ష్యంగా చాలు.

రెండు అభ్యంతరాలు

ఒకటి, ‘ఉన్నదే ఎకరం, దాన్ని రెండు చేస్తే ఎవరికీ పనికిరాదు’ అంటారు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఈ మాట ఎవరూ అనరు. ఎకరాన్ని నలుగురు అన్నదమ్ములు నాలుగు పాతిక సెంట్లు చేసుకుని గట్లు వేసుకుంటారు. గట్టు ఆడమనిషి కోసం వెయ్యాల్సొచ్చినప్పుడే అర్థశాస్త్రం గుర్తొస్తుంది. పొలం విడదీయటం నిజంగా కుదరకపోతే పంటలో సగం ఇవ్వొచ్చు, విలువ కట్టి ఇవ్వొచ్చు. దారి వెతికితే దొరుకుతుంది.

రెండు, ‘కారంచేడు, చుండూరు చూసిన జాతి మనది, శత్రువు బయట ఉండగా ఇంటి గొడవ వీధిన వేసుకుంటామా’ అంటారు. ఇది మనసును కదిలించే అభ్యంతరం, గనక జవాబు చెప్పాలి. 1985లోనూ 1991లోనూ ఆ దాడుల తర్వాత శిబిరాల్లో వంట చేసినవాళ్ళు, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు, సాక్ష్యం చెప్పినవాళ్ళు ఆడవాళ్ళు. ఆత్మగౌరవం పేరుతో వాళ్ళను బయటికి పిలిచి, పొలం పేరుతో లోపలికి పొమ్మంటే అది ఐక్యత కాదు. అగ్రకులాలు మనకు భూమి ఇవ్వకపోవటానికి చెప్పిన కారణమే, వాళ్ళకెందుకు, చేసుకోలేరు అన్న కారణమే, మనం మన భార్యలకు చెప్తున్నాం.

మేము అడిగేవి

చట్టం మారాలి, కాపురంలో సమకూరిన ఆస్తిలో స్త్రీకి వాటా హక్కుగా రావాలి, అది అన్ని మతాల విడాకుల చట్టాలకూ, కులాచార విడాకులకూ వర్తించాలి. 1977 చట్టంలో విడిపోయిన భార్యకు వాటా బదలాయించటాన్ని నిషేధం నుంచి తప్పించాలి, అది కూడా తహశీల్దారు స్థాయిలోనే తేలేటట్టు, ఆమె వాటాను మళ్ళీ ఎవరూ కొనకుండా. పాత డి.పట్టాల్లో భార్య పేరు చేర్చాలి. అప్పు వస్తువు వెంట పోవాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. వీటికోసం ఎదురుచూడకుండా మనం చేయగలిగినది ఒకటుంది. పల్లెల్లో పెద్దమనుషుల్లో ఇప్పుడు సంఘాల్లో తిరిగినవాళ్ళు, టీచర్లు, మా లాంటి చదువుకున్నవాళ్ళు కూడా కూర్చుంటున్నారు. కాగితం రాసేది వాళ్ళే. ఆ కాగితంలో ‘ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు’ అన్న వాక్యం రాయకుండా ఉండొచ్చు. పొలం ఎంత, ఎవరు ఎన్నేళ్ళు చేశారు, అప్పు ఎందుకు తెచ్చారు అన్నది రాయొచ్చు. సంతకం వచ్చిన మనిషికి పెన్ను ఇవ్వొచ్చు. పంచాయితీలో ఆడవాళ్ళను కూర్చోబెట్టొచ్చు, నిలబెట్టటం కాదు.

ఆ పధ్నాలుగేళ్ళ కాపురం మనిషి ఇప్పుడు పుట్టింటి పక్కన రేకుల షెడ్డులో ఉంటోంది. కోతలకు పోయి ఆ ముప్ఫై ఎనిమిది వేలూ వడ్డీతో సహా కట్టేసింది. ఎందుకు కట్టావక్కా అని అడిగాం. ‘కట్టకపోతే గ్రూపులో తొమ్మిదిమంది ఆడోళ్ళ మీద పడుద్ది గదయ్యా’ అన్నది. ఆటో ఇంకా ఆ పల్లెలోనే తిరుగుతోంది. దాని వెనకాల అంబేద్కర్ బొమ్మ ఉంది.

ఈ విషయం మీద వాదనకు మేము సిద్ధం. పెద్దమనుషులుగా కూర్చున్న మిత్రులు, వకీళ్ళు, ముఖ్యంగా ఇట్లాంటి కాగితాల మీద వేలిముద్ర వేసిన అక్కలు రాయాలి. రాయలేనివాళ్ళు చెప్తే మేము రాస్తాం.